ద్రాక్షతోట వెనక కూలోళ్ల కథ

ఫ్రాన్సులో బోర్డో ద్రాక్షసారా కుటుంబపు ఆడపడుచు మే ఎలియాన్ ద లాంక్‌సాంగ్ 2003లో, డెబ్బై దాటిన వయసులో, దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్‌లో గ్లెనెలీ భూమి కొని సొంత ద్రాక్షతోట వేశారు. ఆ పట్టుదల మెచ్చుకోదగ్గదే.

కాని ఆ సీమ తోటల వెనక కూలోళ్ల కథ వేరే ఉంది. అక్కడ తరతరాలుగా కూలిలో కొంత డబ్బుకు బదులు సారా పోసేవారు. దాన్ని ‘డాప్’ అనేవారు. చట్టం కాదన్నాక కూడా చాలాకాలం సాగింది. ఆ తాగుడు సంసారాల్ని కూల్చింది, కడుపులో బిడ్డల్ని సైతం వదల్లేదు.

2012 నవంబరులో డి డోర్న్స్ ద్రాక్షతోటల కూలీలు పని ఆపి రోడ్డెక్కారు. రోజుకు 69 రాండ్లతో పొట్ట గడవదు, 150 ఇవ్వాల్సిందే అన్నారు. ఆ పోరాటంలో ముగ్గురి ప్రాణాలు పోయాయి. 2013 మార్చి నుంచి కనీస కూలి 105 రాండ్లయింది. అడిగినంత రాలేదు. అడక్కపోతే అదీ రాకపోను!