తాగునీరు, కీళ్లనొప్పి, నొప్పి మాత్ర: పశ్చిమ ప్రకాశం నేర్పే పాఠం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ ఎలా చేరుతుందో, అది ఎముకలపై ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• నొప్పి మాత్రలకు, మూత్రపిండాలకు ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• ఒక వైద్య పరిశోధన ఫలితాన్ని జాగ్రత్తగా చదవడం నేర్చుకుంటారు.

1. ఉపోద్ఘాతం

త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల పల్లెల్లో ఒక దృశ్యం మీకు పరిచయమే. పొలం నుంచి వచ్చిన మనిషి నడుం పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఇంట్లో ఎవరో మందుల షాపు నుంచి మాత్ర తెస్తారు. రాత్రికి నొప్పి తగ్గుతుంది. మర్నాడు మళ్లీ పని, మళ్లీ మాత్ర. నెలలు గడిచేసరికి ఆ మాత్ర భోజనంలా రోజువారీ అలవాటవుతుంది.

ఈ అలవాటును రెండు ప్రశ్నలతో పరిశీలిద్దాం. ఆ నొప్పి ఎక్కడి నుంచి వచ్చింది? ఆ మాత్ర శరీరంలో ఇంకా ఏం చేస్తోంది?

2. నీటిలోకి ఫ్లోరైడ్

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లోని రోగులను పరిశీలించి దానిని ప్రచురించారు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేవి; మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. అంటే ఇది కొత్తగా పుట్టిన సమస్య కాదు.

ఫ్లోరైడ్ ఎవరో నీటిలో కలిపిన విషం కాదు. కొన్ని రాళ్లలోని ఖనిజాలలో అది సహజంగా ఉంటుంది. నీరు ఆ రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచినకొద్దీ ఫ్లోరైడ్ కరిగి అందులో చేరుతుంది. నీటిలో క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే మరింత కరుగుతుంది. వానలు తక్కువై బోర్లు లోతుకు వెళ్లే మెట్టప్రాంతాలలో ఈ ముప్పు ఎక్కువ. రంగు, వాసన, రుచి ఏవీ మారవు కనుక పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. భారత ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటివనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. ఎండలో పనిచేసే కూలీ రోజుకు 4 లీటర్ల నీళ్లు తాగుతాడనుకుందాం. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉంటే అతని ఒంట్లోకి చేరేది 6 మిల్లీగ్రాములు. 3 ఉంటే 12. ఆహారం, నీరు అన్నీ కలిపి రోజుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరిగే సూచనలున్నాయని, 14 దగ్గర హాని స్పష్టమని నిపుణుల అంచనా. అందుకే నీటిలో ఎంత ఉందో ఒక్కటే చూస్తే సరిపోదు. మనం ఎంత తాగుతామో కూడా చూడాలి.

3. ఎముకలో జరిగే మార్పు

మనం తీసుకున్న ఫ్లోరైడ్‌లో కొంత మూత్రం ద్వారా పోతుంది. మిగిలినదానిలో దాదాపు అంతా ఎముకలలో, పళ్లలో చేరుతుంది. పళ్లు ఏర్పడే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఎక్కువగా అందితే పంటి పింగాణీ మీద సుద్దరంగు మచ్చలు, తరువాత గోధుమరంగు చారలు వస్తాయి. ఇవి తోమితే పోవు. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవారికి పళ్లు తెల్లగానే ఉండవచ్చు, ఎముకలు మాత్రం దెబ్బతినవచ్చు.

ఎముకలో ఫ్లోరైడ్ పేరుకుంటే అది చూడటానికి దట్టంగా మారుతుంది, కానీ నాణ్యత తగ్గుతుంది. కీళ్ల చుట్టూ ఉండే స్నాయువులలో సున్నం చేరి అవి బిగుసుకుంటాయి. మొదట నొప్పి, పొద్దున లేవగానే పట్టేసినట్లుండటం. చివరికి వెన్ను వంగిపోవడం. బిగుసుకున్న వెన్నును తిరిగి సాధారణ స్థితికి తెచ్చే మందు లేదు. తొలి దశలోనే నీటిని మార్చుకోవడం అందుకే ముఖ్యం.

4. నొప్పి మాత్ర చేసే రెండో పని

డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. వీటివల్లే వాపు, నొప్పి కలుగుతాయి కనుక ఉపశమనం వస్తుంది. అయితే ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రవాహం తగ్గకుండా కాపాడేవి కూడా ఇవే. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా మాత్ర వేసుకుంటే మూత్రపిండం ఆ రక్షణ కోల్పోతుంది. కడుపులో పుండ్లు, రక్తస్రావం కూడా ఈ మాత్రల వల్ల కలగవచ్చు. వీటివల్ల గుండెపోటు, పక్షవాతం ముప్పు వాడటం మొదలైన తొలి వారాలలోనే పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో తన హెచ్చరికను తీవ్రం చేసింది.

ఇప్పుడు ఒక పరిశోధనను చదువుదాం. బ్రిటన్‌లో రక్తపోటు మందులు వాడే 4,87,372 మంది వివరాలను విశ్లేషించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రక్తపోటుకు ఒక రకం మాత్ర, దానితోపాటు మూత్రం ఎక్కువయ్యే మాత్ర, వీటికి తోడు నొప్పి మాత్ర కలిసినప్పుడు మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే అవకాశం 31 శాతం ఎక్కువగా కనిపించింది. మొదటి 30 రోజులలో అది 82 శాతం ఎక్కువ.

‘31 శాతం’ అనగానే వందలో 31 మందికి జబ్బు చేస్తుందని అనుకోకండి. ఆ అధ్యయనంలో మొత్తం మీద ఏడాదికి పదివేల మందిలో సుమారు ఏడుగురు ఈ కారణంతో ఆసుపత్రి పాలయ్యారు. ఏడు మీద 31 శాతం పెరిగితే సుమారు తొమ్మిది. మొదటిది సాపేక్ష ముప్పు, రెండోది వాస్తవ ముప్పు. వార్తలో శాతం కనిపించినప్పుడల్లా ‘ఎంతమీద?’ అని అడగండి. మరొక మాట: ఇది పరిశీలనాత్మక అధ్యయనం. సంబంధాన్ని చూపుతుంది, కారణాన్ని ఒంటరిగా రుజువు చేయదు. అయితే మూత్రపిండంలో జరిగే ప్రక్రియ మనకు తెలిసినదే కనుక ఆ ఫలితాన్ని తీసిపారేయలేం.

పశ్చిమ ప్రకాశంలో దీనికి మరో మెలిక ఉంది. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది మూత్రపిండమే. అది దెబ్బతింటే ఫ్లోరైడ్ ఒంట్లో మరింత నిలుస్తుంది. నొప్పికి వేసుకున్న మాత్ర, నొప్పికి మూలమైనదాన్ని బయటికి పంపే దారినే మూసివేయవచ్చు.

5. వంటింటి అలవాట్లు

• నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరై నీరు తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో గాఢత పెరుగుతుంది.
• తాగడానికి క్యాన్ నీళ్లు, అన్నానికి, పప్పుకు బోరు నీళ్లు వాడితే ఫ్లోరైడ్ వంట ద్వారా వస్తూనే ఉంటుంది. రెండింటికీ మంచి నీళ్లే వాడాలి.
• పాలు, పెరుగు, రాగులలోని కాల్షియం ఫ్లోరైడ్ శోషణను కొంత తగ్గిస్తుంది.
• తేయాకులో ఫ్లోరైడ్ ఉంటుంది. చిక్కటి టీ పదేపదే తాగే అలవాటు తగ్గించాలి.
• చింతపండు సంగతి: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు ఇచ్చి చూశారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ కొద్దిమందిపై, కొద్దిరోజులు చేసిన ప్రయోగం. పులుసు తింటున్నాం కదా అని నీటిని వదిలేయరాదు.

నొప్పి మాత్ర పూర్తిగా మానాలని ఈ పాఠం చెప్పడం లేదు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే వాడాలి. ఒకే రకం మందు రెండు పేర్లతో రెండు మాత్రలలో ఉండవచ్చు. చీటీ మీద మందు పేరు చదవండి. బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. బీపీ మాత్రలను మాత్రం సొంతంగా ఆపకూడదు.

6. సారాంశం

కీళ్లనొప్పులన్నీ ఫ్లోరైడ్ వల్లే రావు. కానీ ఈ ప్రాంతంలో ఆ అవకాశాన్ని ముందుగా చూడాలి. మాత్ర నొప్పిని ఆపుతుంది, కారణాన్ని కాదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఉద్దేశాలలో సాగునీటితోపాటు తాగునీరు కూడా ఉండటానికి కారణం ఇక్కడి అవసరమే. పెద్ద పనులు ప్రభుత్వానివి. మన బోరు నీటిని పరీక్షకు పంపడం, మాత్ర చీటీ చదవడం మాత్రం మన చేతిలో ఉన్నవి.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీటిని కాచితే ఫ్లోరైడ్ ఎందుకు తగ్గదు?
2. సాపేక్ష ముప్పుకు, వాస్తవ ముప్పుకు తేడా ఒక ఉదాహరణతో వివరించండి.
3. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో మీ ఊరి నీటిని పరీక్ష చేయించి, ఆ అంకెను మీ ఇంట్లో ఒక్కొక్కరు రోజూ తాగే నీటితో గుణించి చూడండి. ఎవరికి ఎంత చేరుతోంది?