బాకీ తీరే గీత

వై = ఎమ్ఎక్స్ + సి అంటే భయపడకండి. అది మన సంతలో లెక్కే.

ఒకరికి షావుకారు దగ్గర 600 రూపాయలు బాకీ ఉందనుకుందాం. చింతపండు కిలో 40 రూపాయలు. ఎక్స్ కిలోలు అమ్మి, బాకీ పోగా మిగిలేది వై. అప్పుడు సమీకరణం:
40ఎక్స్ − వై = 600

ఇలా ఉంటే మనకేమీ తెలీదు. వై ఒక్కటే ఎడమవైపు ఉండాలి. 40ఎక్స్‌ని కుడివైపుకి పంపితే గుర్తు మారుతుంది:
−వై = −40ఎక్స్ + 600

రెండువైపులా −1తో గుణిస్తే:
వై = 40ఎక్స్ − 600

ఇప్పుడు చూడండి. −600 అనేది వై-అంతరఖండం. అంటే ఒక్క కిలో కూడా అమ్మకముందున్న బాకీ. 40 అనేది వాలు. అంటే కిలోకి తీరే డబ్బు. గ్రాఫులో గీత సున్నాకి కింద మొదలై 15 కిలోల దగ్గర సున్నాని తాకుతుంది. అక్కడ బాకీ తీరిపోయింది.

ధర 30 అంటే? బాకీ అదే, వాలు తగ్గింది. 20 కిలోలు పొయ్యాలి. ధర 10 తగ్గితే 5 కిలోలు ఎక్కువ పోతాయన్నమాట!

మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. అందుకే సంతలో చీటీ రాసేటప్పుడు అమ్మ పక్కన నిలబడి ఈ లెక్క చేస్తాను. మీరూ చెయ్యండి.

ధర 50 అయితే ఎన్ని కిలోలు? జవాబు కింద రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని