మీకు తెలుసా? శాక్సఫోన్‌కు గొంతు గడ్డిదే!
ఒళ్లంతా ఇత్తడే అయినా శాక్సఫోన్‌ను ఫ్లూటు, క్లారినెట్‌ల కోవలోనే లెక్కిస్తారు. కారణం మౌత్‌పీస్‌కు బిగించే రీడ్. అరుండో డోనాక్స్ అనే వెదురులాంటి గడ్డి కాడను చీల్చి, కొసను కాగితమంత పలచగా చెక్కితే అది తయారవుతుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతపు గడ్డికి పేరెక్కువ.

వాయించే ముందు దాన్ని తడపాలి. ఎండితే కొస అలలు తేలుతుంది. ఒకే పెట్టెలోని రెండు రీడ్లు కూడా ఒకేలా పలకవు!

కెనడా కంపెనీ లెజేర్ చేసే ప్లాస్టిక్ రీడ్‌కు తడితో పనిలేదు. ధర చాలా ఎక్కువ, మన్నికా ఎక్కువే. కచేరీలో వాద్యాలు మార్చి మార్చి వాయించేవారికి అది నిజంగా వరం.

కొత్తగా నేర్చుకునేవారు మాత్రం మెత్తటి 2 నంబరు గడ్డి రీడ్‌తో మొదలుపెట్టడమే మేలు.