అద్దం మీద రంగుల ముగ్గు
ఇంటి పట్టున నేర్చుకోదగ్గ పనే... అమ్మకానికి దిగేముందు లెక్క చూసుకోవాలి

మేడ్చల్, శామీర్‌పేట: ముగ్గు వేయడం వచ్చిన చేతికి అద్దం మీద బొమ్మ వేయడం బొత్తిగా కొత్త విద్య కాదు. ముగ్గులో ముందు గీత, తర్వాత రంగు. అద్దం పనిలోనూ అంతే. పిండికి బదులు ట్యూబులోని లైనర్, వాకిలికి బదులు గాజు పలక. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో పొలాలు ప్లాట్లుగా మారిన ఊళ్లలో నాట్లు, కలుపుతీతలు తగ్గిపోయాయి. కూలికి వెళ్లే ఆడవారికి ఇంటి పట్టున ఏదో ఒక పని కావాలి. అలాంటి పనుల్లో ఇదొకటి. అయితే ఇందులో ఎంత మిగులుతుందో, ఎక్కడ నష్టం వస్తుందో ముందే తెలుసుకుని దిగడం మంచిది.

మెదక్ కిటికీల్లో ఏముంది?

మేడ్చల్ నుంచి తూప్రాన్ మీదుగా మెదక్ వెళ్లినవారు అక్కడి పెద్ద చర్చిని చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. అందులోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలను ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించారు. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం వాటిలో కనిపిస్తాయి. బయట ఎండ ఉన్నంతసేపే లోపలివారికి ఆ రంగులు. పొద్దు గూకితే బొమ్మ కనిపించదు.

అలాంటి కిటికీలు కేవలం రంగు పూసినవి కావు. రంగు గాజునే ముక్కలుగా కోసి, సీసపు పట్టీలతో అతుకుతారు. ముఖాలు, బట్టల మడతలు మాత్రం ప్రత్యేకమైన రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. అందుకే అవి తరాల తరబడి నిలుస్తాయి. ముక్కల మధ్య నల్లగా కనిపించేది సీసపు పట్టీయే. ఇంట్లో వేసే బొమ్మకు చుట్టూ నల్ల లైనర్ గీసేది దాన్ని అనుకరించడానికే. కాకపోతే ఇంటి రంగులు కొలిమిలో కాలినవి కావు. గోటితో గట్టిగా గీకితే లేచి వస్తాయి. కొనేవారికి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

తంజావూరు, మైసూరుల్లో ఇంకో పద్ధతి ఉండేది. 18వ శతాబ్దంలో చైనా నుంచి ఓడరేవుల ద్వారా మన దేశానికి వచ్చిన విద్య అది. అద్దం వెనుక వైపు బొమ్మ వేసి, ముందు వైపు నుంచి చూస్తారు. కాబట్టి అంతా తిరగేసి చేయాలి. మామూలు బొమ్మకు చివర దిద్దే కళ్లు, నగలు ఇక్కడ ముందు వేయాలి. ఒంటి రంగు ఆ తర్వాత, వెనుక తెర అన్నిటికన్నా చివర. కుడి ఎడమ అవుతుంది, అక్షరాలు రాయాలన్నా తిప్పి రాయాలి. 1894లో రవివర్మ అచ్చుకూటం మొదలై దేవుళ్ల పటాలు చవగ్గా దొరకడంతో ఇలాంటి చేతి బొమ్మలకు గిరాకీ క్రమంగా పడిపోయింది.

పని ఇలా మొదలుపెట్టాలి

పటాలు కట్టే దుకాణంలో కోతలో మిగిలిన ముక్కలు అడిగితే నేర్చుకోవడానికి అవి చాలు. అంచులు కత్తిలా ఉంటాయి. నీళ్లతో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, చుట్టూ టేపు అంటించిన తర్వాతే పని మొదలుపెట్టాలి. పలకను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడవాలి. వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు.

కాగితం మీద గీసిన బొమ్మను పలక కింద పెట్టి, పైనుంచి లైనర్‌తో గీయాలి. గోరింటాకు కోన్ పట్టినట్టే పట్టి, ఒకే ఒత్తిడితో లాగాలి. ఎక్కడా గీత తెగకూడదు. సందు ఉంటే ఒక గడిలోని రంగు పక్క గడిలోకి పారుతుంది. తప్పు పోతే కంగారు పడనక్కర్లేదు. ఆరనిచ్చి బ్లేడుతో గీకి మళ్లీ వేసుకోవచ్చు.

గీత పూర్తిగా ఆరాక రంగు నింపాలి. గోడకు సున్నం కొట్టినట్టు కుంచెను అటూ ఇటూ లాగితే చారలు పడతాయి. అంచు దగ్గర చుక్క వదిలి, మెల్లగా లోపలికి పాకించాలి. బుడగలు లేస్తే సూదితో పొడవాలి. పలకను ఎత్తుపల్లం లేని చోట పెట్టి, దుమ్ము పడకుండా ఒక రోజంతా ఆరనివ్వాలి. నిలబెడితే రంగు కిందికి జారుతుంది. వానకాలంలో ఆరడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. నీళ్ల రంగును, థిన్నర్ రంగును ఒకే గడిలో కలపకూడదు.

నెమళ్లు, చిలుకలు అందరూ వేస్తారు. తంగేడు, గునుగు పూల బతుకమ్మ, తాటిచెట్ల వరుస, శామీర్‌పేట చెరువు గట్టు, అక్కడి జింకల పార్కులోని జింకలు వేస్తే ఇది మన ప్రాంతపు పని అని చూడగానే తెలుస్తుంది.

జాగ్రత్తలు మరవొద్దు

థిన్నర్ రంగులకు నిప్పు త్వరగా అంటుకుంటుంది. వంట పొయ్యి దగ్గర, దీపం పక్కన పని పెట్టుకోకూడదు. కిటికీ తెరిచి ఉంచాలి. ఆ వాసన పసిపిల్లలకు, గర్భిణులకు మంచిది కాదు. వారున్న ఇంట నీళ్ల రంగులే మేలు. తినే పళ్లేలకు, తాగే గ్లాసులకు ఈ రంగులు వాడొద్దు. కిటికీకి బిగించేటప్పుడు రంగు వేసిన వైపు లోపలికి ఉండాలి. తడిగుడ్డతో కాక పొడిగుడ్డతో తుడవాలి. ఏళ్ల తరబడి నేరుగా ఎండ తగిలితే రంగు వెలుస్తుంది.

కూలి కలిపితేనే లెక్క

చాలామంది సామాను ఖర్చు మాత్రమే చూసి ధర చెబుతారు. ఉదాహరణకు ఒక పటానికి గాజు, రంగులు, చట్రం కలిపి 300 రూపాయలు అయ్యాయనుకుందాం. పనికి 6 గంటలు పట్టింది. గంటకు 50 రూపాయలు వేసుకున్నా కూలి 300 అవుతుంది. పగిలిన పలకలు, చెడిన బొమ్మల కింద పదోవంతు, అంటే 60 రూపాయలు కలపాలి. మొత్తం 660. దీనికి తక్కువగా అమ్మితే సొంత కూలి వదులుకున్నట్టే.

ఇప్పుడు అద్దం మీద యంత్రంతో బొమ్మలు అచ్చు వేస్తున్నారు, స్టిక్కర్లు చవగ్గా అంటిస్తున్నారు. రవివర్మ కాలంలో జరిగినట్టే మళ్లీ అచ్చుతో పోటీ వచ్చింది. ధరలో దానితో పోటీ పడలేం. పూజగది తలుపుకు సరిపడే కొలత, ఇంటివారు కోరిన పేరు, గృహప్రవేశానికి ఇచ్చే కానుక వంటి వాటిలో చేతి పనికి చోటుంది. కొత్త ఇళ్లు లేస్తున్న చోట వడ్రంగులతో, కిటికీలు బిగించేవారితో పరిచయం పెట్టుకుంటే పని దొరికే వీలుంది.

డబ్బు కట్టేముందు

‘ముందు డబ్బు కట్టి నేర్చుకోండి, మీరు చేసినవన్నీ మేమే కొంటాం’ అని ఎవరైనా వస్తే తొందరపడొద్దు. ఎంత ధరకు, ఎన్ని కొంటారో కాగితం మీద రాసివ్వమని అడగాలి. రాసివ్వకపోతే దూరంగా ఉండటమే క్షేమం.

కేంద్రం 2023 సెప్టెంబర్ 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులను చేర్చారు. బొమ్మల తయారీ, కుట్టుపని వాటిలో ఉన్నాయి, అద్దంపై చిత్రకళ లేదు. ఆ పేరుతో సాయం ఇప్పిస్తామనే దళారుల మాట నమ్మి డబ్బు ఇవ్వకూడదు. చిన్న వ్యాపారాలకు 2015లో మొదలైన ముద్ర పథకంలో ‘శిశు’ తరగతి కింద బ్యాంకులు 50 వేల రూపాయల వరకు రుణం ఇస్తాయి. అప్పుతో మొదలుపెట్టనక్కర్లేదు. సంఘంలోని నలుగురైదుగురు కలిసి ఒక పెట్టె రంగులు కొనుక్కుని, చిన్న పలకల మీద చేయి తిరిగాక, దసరా, దీపావళి ముందు పది పటాలు అమ్మి చూడాలి. అవి అమ్ముడుపోయిన తీరును బట్టి తర్వాతి పెట్టుబడి నిర్ణయించుకోవచ్చు.