తుప్పు ఓడే సరిహద్దు

అమెరికాలో 1944లో తయారైన ఓడ అది. యుద్ధ ట్యాంకుల్ని తీరానికి చేర్చడానికి కట్టారు. వియత్నాం యుద్ధంలో పనిచేసింది, దక్షిణ వియత్నాం నౌకాదళం చేతికి వెళ్లింది, 1975లో సైగాన్ పడిపోయాక ఫిలిప్పీన్స్ చేరింది. పాత ఇనుము కింద తూకానికి వేయాల్సిన వయసులో, 1999లో, ఫిలిప్పీన్స్ నౌకాదళం దాన్ని తీసుకెళ్లి దక్షిణ చైనా సముద్రంలో ఓ పగడపు దిబ్బ మీదికి కావాలనే ఎక్కించేసింది. పేరు బీఆర్‌పీ సియెర్రా మాద్రె. వంద మీటర్ల ఓడ, ఒళ్లంతా తుప్పు, చిల్లులు. అందులో కొద్దిమంది మెరైన్లు వంతులవారీగా కాపలా ఉంటారు. వాళ్లకు బియ్యం, మంచినీళ్లు మోసుకెళ్లే పడవలే కొన్నేళ్లుగా చైనా, అమెరికా అనే రెండు అగ్రరాజ్యాల మధ్య నరాలు తెగేంత ఉద్రిక్తతకు కారణం.

ఇంత పాత ఓడను ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు? జవాబు అక్కడికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న మిస్చీఫ్ దిబ్బ దగ్గర దొరుకుతుంది. అమెరికా సైనిక స్థావరాలు ఇక వద్దని 1991లో ఫిలిప్పీన్స్ సెనేట్ ఓటేసింది. మరుసటి ఏడాది అమెరికన్లు సూబిక్ బే ఖాళీ చేశారు. 1995 మొదట్లో చూస్తే మిస్చీఫ్ మీద చైనా కట్టడాలు లేచి ఉన్నాయి. మా జాలర్లు తలదాచుకోవడానికి, అంది బీజింగ్. ఇప్పుడక్కడ కృత్రిమ ద్వీపం, దాని మీద రెండున్నర కిలోమీటర్లకు మించిన రన్‌వే ఉన్నాయి. జాలర్లకు రన్‌వేతో ఏం పనో బీజింగే చెప్పాలి!

మరో దిబ్బకు అదే గతి పట్టకూడదనే ఈ ఓడ కాపలా. సియెర్రా మాద్రె నిలబడ్డ దిబ్బ ఫిలిప్పీన్స్‌లోని పలావన్ దీవికి సుమారు 195 కిలోమీటర్లు. ఓడ కదల్లేదు, పోరాడలేదు. కానీ రికార్డుల్లో నేటికీ ఫిలిప్పీన్స్ నౌకాదళానికి చెందిన నౌకే. దాని మీద సాయుధ దాడి జరిగితే అమెరికాతో 1951లో కుదిరిన పరస్పర రక్షణ ఒప్పందం ముందుకొస్తుంది. ఆ ఒక్క హోదాకే తుప్పుకంటే ఎక్కువ బలం.

ఈ సంగతి చైనాకూ తెలుసు. పాము చావాలి, కర్ర విరగకూడదు. అందుకే యుద్ధనౌకల్ని వెనక నిలిపి తెల్లరంగు కోస్ట్‌గార్డు ఓడల్నీ, చేపల పడవల్లా కనిపించే మిలీషియా పడవల్నీ ముందుకు తోస్తుంది. తూటా పేలదు. నీటి ఫిరంగులు, కళ్లు చెదిరే లేజర్లు, పడవను పడవతో గుద్దడాలు... దేనికదే యుద్ధం అనిపించుకోనంత చిన్నది. 2024 జూన్ 17న మాత్రం గీత దాటినంత పనైంది. కత్తులు, గొడ్డళ్లతో వచ్చిన చైనా సిబ్బంది ఫిలిప్పీన్స్ పడవల్ని అడ్డుకున్నారు. ఆ పెనుగులాటలో ఒక నావికుడి బొటనవేలు తెగింది. ఉద్దేశపూర్వకంగా తమ పౌరుణ్ని చంపితే అది యుద్ధచర్యకు చాలా దగ్గరని అధ్యక్షుడు మార్కోస్ అప్పటికి కొద్ది వారాల ముందే సింగపూర్ వేదికపై హెచ్చరించి ఉన్నారు. ఘర్షణ జరిగిన మరుసటి నెలలో ఓడకు సరకుల రవాణాపై ఇరుపక్షాలూ తాత్కాలిక అవగాహనకు వచ్చాయి. గొడవ అదే సముద్రంలోని స్కార్‌బరో దిబ్బ వైపు మళ్లింది. 2025 ఆగస్టులో అక్కడ ఫిలిప్పీన్స్ ఓడను తరుముతూ చైనా నౌకాదళ డిస్ట్రాయరు, చైనా కోస్ట్‌గార్డు ఓడ ఒకదాన్నొకటి ఢీకొన్నాయి.

తీర్పు ఉంది, అమలు లేదు

మ్యాపు మీద తొమ్మిది గీతలు గీసి దాదాపు సముద్రమంతా తనదనే చైనా వాదనపై ఫిలిప్పీన్స్ 2013లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఆ గీతలకు చట్టపరమైన ఆధారం లేదని 2016 జులై 12న ట్రైబ్యునల్ తేల్చింది. సియెర్రా మాద్రె ఉన్న దిబ్బ ఫిలిప్పీన్స్‌కు ప్రత్యేక ఆర్థిక హక్కులున్న జలాల్లోదే అంది. చైనా ఒప్పుకోలేదు. గెలిచిన దేశానికి అప్పటి అధ్యక్షుడైన డుటెర్టేయే తీర్పును పక్కనపెట్టి బీజింగ్‌తో చెలిమి చేశారు. చట్టాన్ని గౌరవించండని చైనాకు రోజూ బోధించే అమెరికా ఆ చట్టానికి మూలమైన ఐక్యరాజ్యసమితి సముద్ర ఒడంబడికను నేటికీ ఆమోదించనే లేదు. ఇద్దరు పెద్దల నీతి ఇది.

నష్టం జాలరిది. స్కార్‌బరో చుట్టూ ఫిలిప్పీన్స్, చైనా, వియత్నాం జాలర్లందరికీ సంప్రదాయ హక్కుందని ట్రైబ్యునల్ చెప్పింది. కానీ 2012 నుంచి ఆ దిబ్బ చైనా అదుపులో ఉంది. 2025 సెప్టెంబరులో అక్కడ చైనా ప్రకృతి రిజర్వు ప్రకటించింది కూడా. చైనా జాలర్లు రాకాసి ఆల్చిప్పల కోసం పగడాల్ని ధ్వంసం చేస్తుంటే బీజింగ్ అడ్డుకోలేదని తప్పుపట్టిందీ ఆ ట్రైబ్యునలే!

మనకేం పని అనుకోవద్దు. ఫిలిప్పీన్స్ 2022లో దాదాపు 37.5 కోట్ల డాలర్లకు మన బ్రహ్మోస్ క్షిపణులు కొనుక్కుంది, 2024 ఏప్రిల్ నుంచి అందుతున్నాయి. విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ ఓడలు 2025 ఆగస్టులో ఆ సముద్రంలో ఫిలిప్పీన్స్ నౌకలతో కలిసి నడిచాయి. 2016 తీర్పును పాటించాలని 2023లో భారత్ బాహాటంగా అన్నది. ఆ మాట అనే అర్హత మనకుంది. బంగాళాఖాతంలో బంగ్లాదేశ్‌తో సరిహద్దు వివాదంపై ఇలాంటి ట్రైబ్యునలే 2014లో తీర్పిచ్చింది. 25,602 చదరపు కిలోమీటర్ల వివాదాస్పద జలాల్లో 19,467 ఆ చిన్న దేశానికే పోయాయి. భారత్ ఆ తీర్పును ఒప్పుకుంది.