రోమన్ రిపబ్లిక్: అధికారానికి కళ్ళెం

రోమ్ అనగానే మనకు గుర్తొచ్చేది జూలియస్ సీజర్. షేక్‌స్పియర్ నాటకం చదివిన వాళ్ళకు బ్రూటస్ కత్తిపోటూ గుర్తుంటుంది. ఆ కత్తి ఏ వ్యవస్థను కాపాడాలని లేచిందో మాత్రం చాలామందిమి పట్టించుకోము. అదే రోమన్ రిపబ్లిక్.

సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 509లో రోమనులు తమ రాజును వెళ్ళగొట్టారు. ఇకమీదట ఏ ఒక్కడి చేతిలోనూ అధికారమంతా ఉండరాదని వాళ్ళ పట్టుదల. అందుకే రాజుకు బదులు ఇద్దరు కాన్సల్స్‌ను పెట్టుకున్నారు. పదవీకాలం ఒక్క ఏడాదే. ఒకరి ఆజ్ఞను రెండోవారు ఆపవచ్చు. పెద్ద ఆపద వస్తే డిక్టేటర్‌ను నియమించేవారు. అతని గడువు ఆరు నెలలు మించదు.

సెనేటు పేరుకు సలహా సంఘమే. కాని సుమారు 300 మంది పెద్దలు దాదాపు జీవితాంతం అందులో ఉండేవారు. ఖజానా, విదేశ వ్యవహారాలు వాళ్ళ కనుసన్నల్లోనే నడిచేవి. ఏడాదికి దిగిపోయే కాన్సల్ వాళ్ళ మాట కాదనడం అంత తేలికా?

మరి ప్రజల మాటో? చట్టాలు చేసేవీ, అధికారులను ఎన్నుకొనేవీ ప్రజాసభలే. కిటుకంతా ఓట్ల లెక్కలో ఉంది. కాన్సల్స్‌ను ఎన్నుకొనే సభలో ఓటు మనిషికొకటి కాదు, 'సెంచరీ' అనే బృందానికొకటి. పాత పద్ధతిలో మొత్తం 193 సెంచరీలుంటే, 98 సంపన్నులవే! ఆస్తి లేని వాళ్ళందరికీ కలిపి ఒక్కటి. వాళ్ళ వంతు రాకముందే ఫలితం తేలిపోయేది. స్త్రీలకూ, బానిసలకూ అసలు ఓటే లేదు.

ప్లెబియన్లనే సామాన్యులు ఊరుకోలేదు. క్రీ.పూ. 494లో నగరం విడిచి వెళ్ళి ఓ కొండమీద కూర్చున్నారట. దాంతో వాళ్ళ తరఫున ట్రిబ్యూన్లు వచ్చారు. కాన్సల్ అయినా సరే, ట్రిబ్యూన్ 'వీటో' అంటే ఆగవలసిందే. ట్రిబ్యూన్ మీద చెయ్యి వెయ్యడం మహాపరాధం.

ఇన్ని కళ్ళేలున్నా రిపబ్లిక్ ఎందుకు కూలింది? ఈ నియమాల్లో చాలా భాగం ఆచారమే. పాటించే వాళ్ళుంటేనే వాటికి బలం. క్రీ.పూ. 133లో ట్రిబ్యూన్ టైబీరియస్ గ్రాకస్ పేదలకు భూములు పంచబూనాడు. అడ్డుపడిన తోటి ట్రిబ్యూన్‌ను పదవినుంచి తీసేయించాడు. చివరికి సెనేటర్లే అతణ్ణి కొట్టి చంపారు. ఆచారాన్ని ఇద్దరూ తెంచారు. క్రీ.పూ. 82లో సల్లా గడువులేని డిక్టేటర్ అయ్యాడు. క్రీ.పూ. 44లో సీజర్ యావజ్జీవ డిక్టేటర్ అయ్యాడు.

బ్రూటస్ కత్తి సీజర్‌ను చంపింది గాని రిపబ్లిక్‌ను బతికించలేకపోయింది. గడువు తీరగానే దిగిపోయే మనుషులు కరువైనప్పుడు కత్తి మాత్రం ఏం చేస్తుంది?