డబ్బా ఆకారం మార్చండి, లీటర్లు మార్చకండి

హోం థియేటర్ సబ్‌వూఫర్ హాల్లో నడకకి అడ్డం వస్తే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి మాట: "ఆ డబ్బాని కాస్త చిన్నది చేయించలేవా?" నా జవాబు ఒకటే. చిన్నది వద్దు, పల్చనిది చేయిద్దాం. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, వినిపించేటప్పుడు మాత్రం కాదు.

సీల్డ్ డబ్బాలో కోన్ వెనక చిక్కుకున్న గాలి స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. గాలి తగ్గితే స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ఉదాహరణకి ఒక డ్రైవర్ సొంత రెసొనెన్స్ 30 హెర్ట్జ్, వీఏఎస్ 60 లీటర్లు అనుకుందాం. వీఏఎస్ అంటే కోన్ సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా ఉండే గాలి పరిమాణం. 60 లీటర్ల డబ్బాలో రెసొనెన్స్ 30 × √2, అంటే సుమారు 42 హెర్ట్జ్. డబ్బాని సగానికి కోసేస్తే 30 × √3, అంటే 52 హెర్ట్జ్. కింది బేస్ పోతుంది, మిగిలింది ఉబ్బి 'బూం' అని మోగుతుంది. డేటాషీట్లలో కనిపించే థీల్-స్మాల్ పారామీటర్లు ఈ లెక్కల కోసమే. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్లవి.

ఈ లెక్కలో లీటర్లే ఉన్నాయి, ఆకారం లేదు. లోపల 40 × 40 × 37.5 సెం.మీ. ఉన్న డబ్బా 60 లీటర్లు. 75 × 40 × 20 కూడా 60 లీటర్లే, పైగా సోఫా వెనక నిలబడిపోతుంది. 75 సెం.మీ. పొడవులో మొదటి స్థిర తరంగం దాదాపు 229 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. సబ్‌వూఫర్‌ని మనం మామూలుగా 80 దగ్గరే ఆపేస్తాం కాబట్టి భయం లేదు. అయితే పెద్ద పలకలు వణుకుతాయి, లోపల అడ్డబద్దలు బిగించాలి. ఆ బద్దలు, డ్రైవర్ అయస్కాంతం ఆక్రమించే చోటుని లీటర్లకి కలపాలి. అయస్కాంతం 20 సెం.మీ. లోతులో పడుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

పోర్ట్ ఉన్న డబ్బా అయితే పైపు పొడవు కూడా మారకూడదు. పట్టకపోతే ఎల్బో పెట్టి వంచొచ్చు, పొడవుని పైపు నడుమ గీత వెంబడి కొలవాలి. లోపలి కొసకీ ఎదుటి పలకకీ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ వదలాలి.

ముందు స్పీకర్లకి ఇంత స్వేచ్ఛ లేదు. ముందు పలక వెడల్పు 20 సెం.మీ. నుంచి 30కి పెరిగితే, శబ్దం వెనక్కి చుట్టుకుపోవడం మొదలయ్యే చోటు సుమారు 575 హెర్ట్జ్ నుంచి 380కి దిగుతుంది. క్రాసోవర్‌ని పాత వెడల్పుకే తయారుచేసి ఉంటారు. కాబట్టి వెడల్పు ముట్టుకోకుండా లోతు తగ్గించి ఎత్తు పెంచాలి: 18 × 30 × 25 బదులు 18 × 50 × 15, రెండూ 13.5 లీటర్లే. 50 సెం.మీ. ఎత్తుకి 343 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం వస్తుంది, ఈ స్పీకర్ ఆ స్వరాన్ని వాయిస్తుంది కూడా. వూఫర్‌ని ఎత్తు మధ్యలో బిగించి, నడుమ భాగంలో పాలిస్టర్ దూది నింపితే అది అణుగుతుంది.

చివరగా, వడ్రంగికి లోపలి కొలతలే రాసివ్వండి. 18 మి.మీ. ప్లైవుడ్ ప్రతి కొలతలోనూ 3.6 సెం.మీ. తినేస్తుంది. 75 × 40 × 20ని బయటి కొలతగా కోస్తే లోపల మిగిలేది 42.6 లీటర్లే.